ఎవరో పంపిన ఫైలు, ఎవరో పీల్చే పొగ

నేటి కారు ఇంజనుకు ఒక మెదడు ఉంది. ఇ.సి.యు. అని పిలిచే ఆ చిన్న కంప్యూటరు ఏ క్షణంలో ఎంత ఇంధనాన్ని చిమ్మాలో, టర్బో ఎంత గాలిని లోనికి త్రోయాలో, పొగగొట్టపు మార్గంలో చేరిన మసిని ఎప్పుడు కాల్చివేయాలో నిర్ణయిస్తుంది. ఈ నిర్ణయాలకు ఆధారమైన అంకెల పట్టికలను మార్చివేయడాన్నే ట్యూనింగు అని, రీమ్యాపింగు అని అంటున్నారు. ఒకప్పుడు దీనికోసం బండిని ఏ మహానగరానికో తీసుకొనిపోవలసి వచ్చేది. ఇప్పుడు ఆ శ్రమ లేదు. అనకాపల్లిలో మీ ఇంటి ముందే బండిని నిలిపి, స్టీరింగు క్రింద ఉండే ఓ.బి.డి. సాకెట్టుకు ఒక పరికరం తగిలించి, లోపలి ఫైలును లాప్‌టాప్‌లోనికి తీసుకొని, అంతర్జాలం ద్వారా ఎక్కడో ఉన్న ట్యూనరుకు పంపితే చాలు. అతడు అంకెలు మార్చి తిరిగి పంపుతాడు. దానిని మరల బండిలోనికి ఎక్కిస్తారు. కొందరు ట్యూనర్లు మీ లాప్‌టాప్‌నే దూరం నుండి తమ చేతిలోనికి తీసుకొని పని ముగిస్తారు. మీరు అతని ముఖం చూడరు, అతడు మీ బండిని చూడడు.

వైద్యవృత్తి నుండి విరమించిన నాకు కార్ల ముచ్చట ఎందుకని మీరు అడుగవచ్చు. ఆ ఫైలులో మారే అంకెలలో కొన్ని నేరుగా మనుషుల ఊపిరితిత్తులలోనికి, అక్కడి నుండి రక్తనాళాలలోనికి పోతాయి గనుక ఇది నాకు సంబంధించిన విషయమే. మీకు కూడా.

ముందుగా ఒక భేదం చెప్పాలి. ట్యూనింగు అంతా ఒకే రకమైనది కాదు. కాలుష్య నియంత్రణ పరికరాలను ముట్టకుండా, ఇంజను శక్తిని కొంత పెంచే ‘స్టేజ్ 1’ వంటి మార్పులు ఒక తరగతి. వాటివలన వారంటీ పోవచ్చు, క్లచ్చు త్వరగా అరగవచ్చు, బీమా సంస్థకు చెప్పని మార్పు క్లెయిము వేళ అడ్డురావచ్చు. ఆ నష్టాలలో అధికభాగం యజమానివే. ఆయన పెద్దవాడు, తన డబ్బు, తన ఇష్టం. నా కలహం రెండవ తరగతితో. డీజిలు వాహనాలకు ‘డి.పి.ఎఫ్. ఆఫ్’, ‘ఈ.జి.ఆర్. ఆఫ్’, ‘ఆడ్‌బ్లూ ఆఫ్’ అనే పేర్లతో అమ్ముతున్న ఫైళ్ళతో. ఇవి ట్యూనింగు కానేకావు. కారు శరీరం నుండి ఒక అవయవాన్ని కోసి తీసివేసి, అది లేదన్న సంగతి మెదడుకు తెలియకుండా చేయడం ఇది.

ఆ అవయవం ఏమి చేస్తుందో చూద్దాం. డి.పి.ఎఫ్. అంటే పొగ మార్గంలో అమర్చిన మసి జల్లెడ. పింగాణీ వంటి పదార్థంతో చేసిన తేనెపట్టు ఆకారపు దిమ్మె. డీజిలు మండగా పుట్టిన మసి కణాలలో నూటికి తొంభైకి పైగా ఇందులో చిక్కుకుంటాయి. జల్లెడ నిండినప్పుడు ఇ.సి.యు. కొంత ఇంధనాన్ని అదనంగా చిమ్మి, జల్లెడ ఉష్ణోగ్రతను సుమారు 600 డిగ్రీల సెల్సియస్‌కు పెంచి, ఆ మసిని అక్కడే కాల్చివేస్తుంది. ఈ.జి.ఆర్. ఏర్పాటు పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజనులోనికి పంపి, దహనపు వేడిని తగ్గించి, నైట్రోజన్ ఆక్సైడ్లు తక్కువగా పుట్టేటట్లు చేస్తుంది. ఆడ్‌బ్లూ అన్నది యూరియా ద్రవం. పుట్టిన నైట్రోజన్ ఆక్సైడ్లను అది హానిలేని నత్రజనిగా, నీటి ఆవిరిగా మార్చడానికి తోడ్పడుతుంది.

2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతటా బి.ఎస్.6 ప్రమాణాలు వచ్చాయి. అంతకు ముందున్న బి.ఎస్.4 డీజిలు కారు కిలోమీటరుకు 25 మిల్లీగ్రాముల మసి వరకు విడువవచ్చు. బి.ఎస్.6 కారు విడువదగినది 4.5 మిల్లీగ్రాములు మాత్రమే. నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి 250 మిల్లీగ్రాముల నుండి 80 మిల్లీగ్రాములకు దిగింది. ఇంధనంలోని గంధకం పది లక్షల పాళ్ళలో 50 పాళ్ళ నుండి 10 పాళ్ళకు తగ్గింది. ఆ శుద్ధి చేసిన ఇంధనానికి, ఆ జల్లెడకు అయిన ఖర్చును కారు కొన్న ప్రతివారు, డీజిలు పోయించుకొన్న ప్రతివారు భరించారు. ఇంత వ్యయంతో సాధించిన ఈ మేలును ఒక అజ్ఞాత వ్యక్తి పంపిన ఫైలు ఒక్క మధ్యాహ్నంలో రద్దు చేస్తుంది. జల్లెడను పగులగొట్టి తీసివేసి, ఖాళీ డబ్బాను మరల యథాస్థానంలో బిగిస్తారు. పైనుండి చూచిన వారికి అంతా సలక్షణంగా కనిపిస్తుంది.

ఇక శరీరంలోనికి వద్దాం. డీజిలు మసి కణాలలో అత్యధికం మైక్రాన్‌లో పదవ వంతు కంటె చిన్నవి. మన తలవెంట్రుక మందం 50 నుండి 70 మైక్రాన్లు. ముక్కులోని వెంట్రుకలు, శ్వాసనాళాల లోపలి జిగురు, ఆ నాళాలను ఊడ్చే సూక్ష్మకేశాలు పెద్ద ధూళిని ఆపగలవు గాని ఇంత చిన్న కణాలను పూర్తిగా ఆపలేవు. అవి వాయుకోశాల వరకు చేరి, అక్కడ తాపాన్ని రగిలిస్తాయి. అతి సూక్ష్మమైనవి కొన్ని రక్తంలోనికి కూడా ప్రవేశిస్తాయి. నైట్రోజన్ డయాక్సైడ్ శ్వాసనాళాల పొరను రాపిడి పెట్టినట్లు చేస్తుంది. ఉబ్బసం ఉన్నవారికి ఆ రాపిడే చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు అనుబంధంగా క్యాన్సరు కారకాలను పరిశీలించే ఐ.ఎ.ఆర్.సి. 2012 జూన్‌లో డీజిలు పొగను మనుషులలో క్యాన్సరు కలిగించేదిగా నిర్ధారించి, పొగాకు ఉన్న మొదటి తరగతిలోనే చేర్చింది.

అయినను నన్ను ఎక్కువగా కలతపెట్టేది క్యాన్సరు కాదు, గుండె. 2007లో ఎడిన్‌బరో, ఉమియో నగరాల పరిశోధకులు ఒక ప్రయోగఫలితాన్ని ప్రకటించారు. లోగడ గుండెపోటు వచ్చి, కోలుకొని, నిలకడగా ఉన్న 20 మంది పురుషులను ఎన్నుకొన్నారు. గాలితో పలుచన చేసిన డీజిలు పొగ ఉన్న గదిలో ఒక గంట ఉంచి, మధ్యమధ్య సైకిలు త్రొక్కించారు. రద్దీ వీథిలో ఉండగల స్థాయి పొగ అది. వారి ఇ.సి.జి.లో గుండె కండరానికి రక్తం చాలడం లేదని తెలిపే మార్పులు, శుద్ధమైన గాలిలో అదే శ్రమ చేసినప్పటి కంటె స్పష్టంగా ఎక్కువయ్యాయి. రక్తపు గడ్డలను కరిగించే సహజ పదార్థం విడుదల తగ్గింది. వారికి నొప్పి రాలేదు. ఏమీ తెలియలేదు. అదే ఇందులోని భయంకరమైన సంగతి.

వారు అంతటితో ఆగలేదు. 2011లో అదే వర్గానికి చెందిన పరిశోధకులు ఆరోగ్యవంతులైన 19 మందితో మరొక ప్రయోగం జరిపారు. ఈమారు డీజిలు పొగను ఒకసారి యథాతథంగా, ఒకసారి మసి జల్లెడ గుండా పంపి పీల్పించారు. యథాతథమైన పొగ పీల్చినప్పుడు రక్తనాళాల వ్యాకోచశక్తి తగ్గింది, గడ్డకట్టే స్వభావం పెరిగింది. జల్లెడ గుండా వచ్చిన పొగ పీల్చినప్పుడు ఆ రెండు దుష్ఫలితాలు కనిపించలేదు. మీరు కొన్ని వేల రూపాయలు ఇచ్చి తీయిస్తున్న ఆ డబ్బా, కేవలం ప్రభుత్వం వారి నిబంధన కోసం పెట్టిన అలంకారం కాదు. దాని ప్రయోజనం మనుషుల రక్తంలో కొలిచి చూచినది.

నెహ్రూచౌక్‌లో సాయంకాలం వేళ నిలబడి చూడండి. కారులో కూర్చున్నవాడు అద్దాలు బిగించి, ఏ.సి. వేసుకొని ఉంటాడు. అతని వెనుక స్కూటరు మీద తండ్రి ముందు నిలబడిన అయిదేళ్ళ పాప ముఖం కారు పొగగొట్టానికి ఎంత ఎత్తులో ఉంటుందో గమనించండి. పిల్లలు తమ బరువుతో పోల్చితే పెద్దలకంటె ఎక్కువ గాలి పీలుస్తారు. వారి ఊపిరితిత్తులు ఇంకా ఎదుగుతూ ఉంటాయి. లండనులో రద్దీ రహదారికి సమీపంలో నివసించి, తీవ్రమైన ఉబ్బసంతో 2013 ఫిబ్రవరిలో మరణించిన ఎల్లా అడూ కిస్సీ డెబ్రా అనే తొమ్మిదేళ్ళ బాలిక విషయంలో, 2020 డిసెంబరులో అక్కడి కరోనరు ఆమె మరణానికి గాలి కాలుష్యం కూడా ఒక కారణమని తీర్పు చెప్పారు. ఆమె పీల్చిన విషంలో ప్రధానభాగం వాహనాలదేనని ఆ విచారణలో తేలింది. మన దేశంలో మరణ ధ్రువపత్రాలలో ఆ మాట వ్రాసే రోజు ఇంకా రాలేదు. మనం ‘ఆయాసం’ అనో ‘న్యుమోనియా’ అనో వ్రాసి సంతకం చేస్తాం.

ఈ వ్యాపారంలో ‘దూరం’ అన్న మాట నాకు మరీ అసహ్యం కలిగిస్తుంది. వైద్యంలో కూడా దూరం నుండి చికిత్స వచ్చింది. 2020 మార్చిలో మన దేశం టెలిమెడిసిన్ నియమావళిని ప్రకటించింది. దాని ప్రకారం వైద్యుడు తన రిజిస్ట్రేషను సంఖ్యను రోగికి తెలుపాలి, వ్రాసిచ్చిన మందుల చీటీపై ఆ సంఖ్య ఉండాలి, కొన్ని మందులను దూరం నుండి వ్రాయనేకూడదు. ఫైలు పంపే ట్యూనరుకు ఇలాంటి బాధ్యత ఏదైనా ఉందా? అతని పేరు మీకు తెలియదు. ఫోనులో ఒక బొమ్మ, డబ్బు పంపడానికి ఒక క్యూఆర్ కోడు, అంతే. ఫైలు ఎక్కిస్తుండగా బ్యాటరీ బలం తగ్గి ఇ.సి.యు. పనికిరాకుండాపోతే అతడు ఫోను ఎత్తకపోవచ్చు. మరొక కారుకు వ్రాసిన ఫైలునే కొద్దిగా దిద్ది మీకు పంపినాడా అన్నది తెలుసుకొనే దారి మీకు లేదు. నడిచేది మీ బండి, పీల్చేది మీ ఊరివారు. ఆ ఫైలు వ్రాసినవానికి ఆ పొగ వాసన కూడా సోకదు.

ఈ ఫైళ్ళలో మరొక దుర్మార్గం ఉంది. జల్లెడ తీసివేస్తే ఇ.సి.యు. సహజంగా తప్పును పసిగట్టి హెచ్చరిక దీపం వెలిగిస్తుంది. అందుకని ఆ తప్పును తెలిపే కోడులనే చెరిపివేస్తారు. పల్లెలలో జ్వరమన్న ప్రతివానికి స్టెరాయిడు సూది పొడిచి, రెండు రోజులలో లేచి తిరిగేటట్లు చేసి, ‘హస్తవాసి’ గల వైద్యుడనిపించుకొనేవారిని మీరు చూచే ఉంటారు. లోపల రోగం ముదురుతుంది, పైకి జ్వరం కనిపించదు. ఈ ఫైలు ఆ సూది వంటిదే. భేదమల్లా ఆ సూది పొడిపించుకొన్నవానినే దెబ్బతీస్తుంది, ఇది దారిన పోయేవానిని దెబ్బతీస్తుంది.

2015 సెప్టెంబరులో ఫోక్స్‌వాగన్ సంస్థ ఇదే పని చేసి పట్టుబడింది. పరీక్ష జరుగుతున్నదని గ్రహించి అప్పుడు మాత్రం శుద్ధంగా నడిచి, రహదారిపై నైట్రోజన్ ఆక్సైడ్లను పరిమితికి 40 రెట్ల వరకు విడిచే సాఫ్ట్‌వేరును ప్రపంచమంతటా సుమారు 1 కోటి 10 లక్షల వాహనాలలో పెట్టింది. ఆ మోసం బయటపడడానికి దారితీసిన కొలతలు వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయపు బృందం తీసినవి. అందులో అరవింద్ తిరువేంగడం, హేమంత్ కప్పన్న అనే భారతీయులు కూడా ఉన్నారు. మన జాతీయ హరిత న్యాయస్థానం 2019 మార్చిలో ఆ సంస్థకు 500 కోట్ల రూపాయల జరిమానా విధించింది. వసూలు విషయమై బలవంతపు చర్యలు తీసుకోవద్దని తరువాత సుప్రీంకోర్టు ఆపింది, అది వేరే కథ. ఆనాడు లోకమంతా ఆ సంస్థను తిట్టిపోసింది. అదే మోసాన్ని నేడు మనమే డబ్బు ఇచ్చి ఇంటికి తెప్పించుకొంటున్నాం, పైగా ‘పికప్ అదిరింది’ అని మురిసిపోతున్నాం.

ఒక్క బండితో ఏమవుతుందని అంటారు. 2020 నవంబరులో అమెరికా పర్యావరణ సంస్థ ప్రకటించిన నివేదికను చూడండి. పది సంవత్సరాలలో ఆ దేశంలో 5 లక్షల 50 వేలకు పైగా డీజిలు పికప్ ట్రక్కుల నుండి ఈ పరికరాలను తొలగించారని, అందువలన వెలువడే అదనపు కాలుష్యం మరో 90 లక్షల ట్రక్కులను రహదారిపైకి తెచ్చినదానికి సమానమని అది లెక్కకట్టింది. ఆ ట్రక్కుల యజమానులలో ప్రతివాడూ ‘నా ఒక్క బండితో ఏమవుతుంది’ అనే అనుకొని ఉంటాడు.

మన ప్రాంతంలో బెల్లం పొయ్యిలలో చెరకు పిప్పి మండడం లేదా, పరవాడలో విద్యుత్కేంద్రం లేదా, అచ్యుతాపురంలో కర్మాగారాలు లేవా, లారీలు నల్లపొగ కక్కడం లేదా అన్నది మరొక వాదన. ఉన్నవి. గాలి ప్రమాణాలను అందుకోలేని నగరాల జాబితాలో విశాఖపట్నం ఉన్నది కూడా అందుకే. కాని పొరుగింటివాడు బావిలో చెత్త వేశాడు గనుక నేను కూడా వేస్తానన్న న్యాయం ఎక్కడిది? పైగా పిప్పి మండించేవాడు దానితో పదిమందికి కూడు పెడుతున్నాడు. రంగు తేలడానికి బెల్లంలో హైడ్రోస్ కలిపేవాడు చేసేది తప్పే అయినా, తెల్లబెల్లం వద్దని నల్లబెల్లం కొనుక్కొనే వీలు మనకు ఉంది. గాలి విషయంలో ఆ ఎన్నిక ఎవరికీ లేదు.

యజమానుల కష్టాన్ని నేను కొట్టిపారవేయడం లేదు. పిల్లలను బడికి దింపి, సంతకు పోయి వచ్చే రెండు మూడు కిలోమీటర్ల ప్రయాణాలలో ఇంజను సరిగా వేడెక్కదు, మసి కాలదు, జల్లెడ పూడుకొనిపోతుంది. కొత్త జల్లెడ ధర విన్నవారికి తల తిరుగుతుంది. ఊరిలో మాత్రమే తిరిగేవారికి డీజిలు బండి అంటగట్టిన అమ్మకందారులకు ఈ పాపంలో వాటా ఉంది. కాని పరిష్కారం లేని సమస్య కాదు ఇది. డి.పి.ఎఫ్. పసుపు దీపం వెలిగినప్పుడు, బండితో ఇచ్చిన పుస్తకంలో చెప్పిన ప్రకారం, తుని వైపు జాతీయ రహదారిపై ఇరవై నిమిషాలు ఆగకుండా ఒకే వేగంతో నడిపితే చాలాసార్లు జల్లెడ తనను తాను శుభ్రం చేసుకొంటుంది. ఆ పని నడుస్తుండగా ఇంజనును ఆపకూడదు. తక్కువ బూడిదనిచ్చే, తయారీదారు సూచించిన ఇంజను నూనెనే వాడాలి. మసి కాలుతుంది గాని బూడిద కాలదు. పూడుకొన్న జల్లెడను విప్పి, యంత్రాలతో శుభ్రపరచి తిరిగి బిగించే పద్ధతి కూడా ఉంది. ఊరు దాటని వారు తరువాతి కారు పెట్రోలుది కొనడం అన్నిటికంటె మేలు. (పెట్రోలు కార్లకు కూడా పొగగొట్టంలో టపాకాయల చప్పుడు వచ్చే ఫైళ్ళు ఎక్కించుకొనే యువకులున్నారు. ఆసుపత్రి ముందు అర్ధరాత్రి ఆ చప్పుడు విని ఉలిక్కిపడే గుండెరోగిని వారు ఒక్కసారి చూస్తే బాగుండును.)

చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం 52వ విభాగం ప్రకారం తయారీదారు నిర్దేశించినదానికి భిన్నంగా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుండి వచ్చిన ఒక కేసులో ఈ విషయాన్ని గట్టిగా చెప్పింది. అదే సంవత్సరం సవరణతో వచ్చిన 182ఎ విభాగం నాలుగవ ఉపవిభాగం అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చునంటుంది. అది యజమాని గురించి మాట్లాడుతున్నదన్న సంగతి గుర్తుంచుకోండి. ఫైలు పంపినవాడు హాయిగా ఉంటాడు.

కాని చట్టం ఉండీ ఏమి లాభం? డీజిలు బండికి మన పి.యు.సి. కేంద్రాలలో చేసేది పొగ ఎంత నల్లగా ఉందో చూచే పరీక్ష. నైట్రోజన్ ఆక్సైడ్లను అది కొలువదు. కంటికి కనిపించని అతిసూక్ష్మ కణాలను లెక్కించదు. ఈ.జి.ఆర్. మూసివేసిన బండి ఆ పరీక్షలో సులభంగా గట్టెక్కుతుంది. బ్రిటనులో 2014 ఫిబ్రవరి నుండి వార్షిక పరీక్షలో డి.పి.ఎఫ్. తొలగించినట్లు కనిపిస్తే ఆ బండిని తిరస్కరిస్తారు. మన రవాణాశాఖ ఆ పాటి నియమాన్ని పి.యు.సి.లో చేర్చడానికి, ఓ.బి.డి. సాకెట్టుకు ఒక స్కానరు తగిలించి ఇ.సి.యు.లోని ఫైలు తయారీదారుదేనా కాదా అని చూడడానికి ఉపగ్రహ సాంకేతికత ఏమీ అక్కరలేదు. ఫైలును మార్చడానికి అదే సాకెట్టు చాలినప్పుడు, మార్పును పట్టుకోవడానికి ఎందుకు చాలదు? మీ శాసనసభ్యుడు ఓటు కోసం వచ్చినప్పుడు ఈ ప్రశ్న అడుగండి.

అంతవరకు మీ చేతిలో ఉన్న పని ఒకటి చెబుతాను. పాత బి.ఎస్.6 డీజిలు కారు కొనబోయేటప్పుడు, ఇంజను చల్లగా ఉండగా, పొగగొట్టం లోపలి అంచును తెల్లని గుడ్డతో తుడవండి. జల్లెడ పనిచేస్తున్న బండిలో గుడ్డకు అంటేది అతి స్వల్పం. గుడ్డ కాటుక పట్టినట్లు నల్లబడితే ఆ జల్లెడ పగిలి ఉండవచ్చు, లేదా అక్కడ ఖాళీ డబ్బా మాత్రమే ఉండవచ్చు. డబ్బాపై కోసి మరల అతికిన వెల్డింగు గీతలున్నాయేమో కూడా మెకానిక్కును చూడమనండి. ఉంటే బేరం ఆపి తిరిగి రండి. అమ్మేవాడు మైలేజి గురించి ఎంత చెప్పినా సరే.